ఫెయిర్‌ఫాక్స్ సేనాని: రణరంగంలో ముందు, రాజు విచారణలో ఖాళీ కుర్చీ

పాతపుటలు (చర్చ ప్రారంభం)

ఈ వేదికలో, మొదటి చార్లెస్ రాజుకూ పార్లమెంటుకూ మధ్య జరిగిన ఇంగ్లండు అంతర్యుద్ధాల ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ చర్చ ఆలివర్ క్రామ్‌వెల్‌తో మొదలై ఆయనతోనే ముగుస్తోంది. అది నాకు చాలాకాలంగా వెలితిగానే ఉంది. 1645 జూన్ 14న నేజ్‌బీ దగ్గర రాజు సైన్యాన్ని విరగగొట్టిన పార్లమెంటు సేనకు సర్వసేనాధిపతి క్రామ్‌వెల్ కాదు, 33 ఏళ్ల సర్ థామస్ ఫెయిర్‌ఫాక్స్. క్రామ్‌వెల్ ఆయన కింద అశ్వదళానికి నాయకుడు, అదీ యుద్ధానికి ముందురోజే శిబిరానికి వచ్చి చేరినవాడు.

ఫెయిర్‌ఫాక్స్ 1612లో యార్క్‌షైర్‌లోని డెంటన్‌లో పుట్టాడు. కేంబ్రిడ్జిలో కొంతకాలం చదివి, నెదర్లాండ్స్ వెళ్లి సర్ హొరేస్ వేర్ దగ్గర యుద్ధవిద్య నేర్చుకున్నాడు. 1637లో ఆ వేర్ కుమార్తె ఆన్‌నే పెళ్లాడాడు. మనిషి నల్లగా ఉండేవాడు కాబట్టి సైనికులు ఆయనను ‘బ్లాక్ టామ్’ అని పిలుచుకునేవారు. మాట తడబడేది, సభలో నిలబడి ప్రసంగించడం ఆయనకు ఏనాడూ చేతకాలేదు. అయినా 1642 జూన్‌లో, మొదటి చార్లెస్ రాజు యార్క్ దగ్గరి హ్యూవర్త్ మైదానంలో జనాన్ని సమీకరిస్తున్నప్పుడు, పార్లమెంటుతో రాజీపడమని కోరే విజ్ఞాపనపత్రాన్ని పట్టుకుని గుంపును తోసుకుంటూ వెళ్లినవాడు ఈయనే. రాజు తీసుకోవడానికి నిరాకరిస్తే, ఆ కాగితాన్ని రాజు గుర్రం జీను మీదనే పెట్టాడు.

రాజును ఓడించిన సేనాని, 1649లో ఆ రాజును విచారించి చంపడానికి ఒప్పుకోలేదు, కానీ ఆపనూ లేదు. ఆ మౌనానికి ఆయనను ఎంతవరకు బాధ్యుణ్ణి చేయాలన్నది తేల్చుకోలేకనే ఈ చర్చ మొదలుపెడుతున్నాను. సైనిక విషయాలు తెలిసిన కోటబురుజు గారు ముందుగా అందుకోవాలని నా మనవి.

కోటబురుజు

సైన్యంలో ఇరవై ఏళ్లకు పైగా పనిచేసినవాణ్ణి కాబట్టి నేను ముందు ఆయన ఓటముల దగ్గర ఆగుతాను. సేనాని ఎలాంటివాడో గెలుపు కన్నా ఓటమే బాగా చెబుతుంది. 1643లో యార్క్‌షైర్‌లో తండ్రి ఫెర్డినాండో, కొడుకు థామస్ కలిసి పార్లమెంటు పక్షాన పోరాడారు. వాళ్లకు బలం లీడ్స్, బ్రాడ్‌ఫర్డ్ వంటి నేతపని ఊళ్లు. అవతల న్యూకాజిల్ ప్రభువు పెద్ద సైన్యంతో ఉన్నాడు. జనవరిలో లీడ్స్‌ను పట్టుకున్న థామస్ మార్చిలో సీక్రాఫ్ట్ మైదానంలో చావుదెబ్బ తిన్నాడు. శత్రువుల చేతిలో చిక్కిన తనవాళ్లను విడిపించుకోవడానికి బదులు ఖైదీలు కావాలని, మే 21న సుమారు 1,500 మందితో వేక్‌ఫీల్డ్ మీద పడ్డాడు. లోపల దానికి రెట్టింపు బలగం ఉందని ఆయనకు తెలియదు. అయినా ఊరు చేజిక్కింది, రాజపక్షపు అశ్వసేనాని జార్జ్ గోరింగ్ స్వయంగా బందీ అయ్యాడు. సరిగ్గా 40 రోజుల తరవాత, జూన్ 30న, ఆడ్వాల్టన్ మైదానంలో తండ్రీకొడుకులు చిత్తుగా ఓడిపోయి హల్ రేవుకు పారిపోవలసి వచ్చింది.

ఆ తరవాతి ఏడాదిలో ఆయన తిరిగిన దూరం చూడండి. అక్టోబరులో లింకన్‌షైర్‌లోని విన్స్‌బీ దగ్గర క్రామ్‌వెల్‌తో కలిసి గెలుపు. నడిచలికాలంలో కొండలు దాటి చెషైర్ చేరి 1644 జనవరి 25న నాంట్‌విచ్ దగ్గర బైరన్ సైన్యం మీద గెలుపు. ఏప్రిల్ 11న సెల్బీ పట్టణం స్వాధీనం. సెల్బీ పోవడంతోనే న్యూకాజిల్ ప్రభువు ఉత్తరాన పార్లమెంటు పక్షాన వచ్చిన స్కాట్లను వదిలి యార్క్‌కు వెనుదిరగవలసి వచ్చింది. మార్స్‌టన్ మూర్ యుద్ధానికి దారి పడింది అక్కడే. నాంట్‌విచ్‌లో బందీగా దొరికినవారిలో జార్జ్ మంక్ అనే అధికారి ఒకడు ఉన్నాడు. ఆ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

ఇక 1645 నాటి కొత్త సైన్యం. ఎసెక్స్, మాంచెస్టర్, వాలర్ వంటి పాత సేనానులు ఒకరి మాట ఒకరు వినకపోవడంతో విసిగిన పార్లమెంటు, తన సభ్యులు సైన్యంలో పదవులు వదులుకోవాలని శాసించి, 22,000 మందితో ‘న్యూ మోడల్ ఆర్మీ’ని నెలకొల్పింది. 600 మంది చొప్పున 11 అశ్వదళాలు, 1,200 మంది చొప్పున 12 పదాతిదళాలు, 1,000 మంది డ్రాగూన్లు (గుర్రాల మీద వెళ్లి, దిగి పోరాడే తుపాకి బంట్లు). కాల్బంటుకు రోజుకు 8 పెన్నీల జీతం. ఆ సేనకు ఫెయిర్‌ఫాక్స్‌ను అధిపతిగా కామన్స్ సభ ఎన్నుకున్నది 69కి వ్యతిరేకంగా 101 ఓట్లతో. జీతం వేళకు అందితే, తిండి దొరికితే, నాయకుడు అందరికీ ముందు కనిపిస్తే ఎంత నాసిరకం బలగమైనా ఆరు నెలల్లో సైన్యం అవుతుందని నా అనుభవం. ఆయన దాన్ని రెండు నెలల్లో నిరూపించాడు. క్రామ్‌వెల్‌ను అశ్వదళానికి ఇమ్మని పట్టుబట్టి పార్లమెంటుకు రాసినదీ ఆయనా, ఆయన అధికారులే.

నేజ్‌బీలో శిరస్త్రాణం పోగొట్టుకుని బోడితలతోనే తిరుగుతుంటే, అంగరక్షకదళ నాయకుడు డాయ్‌లీ తన శిరస్త్రాణం ఇవ్వబోతే వద్దన్నాడట. అదే యుద్ధంలో రాజపక్షపు పతాకధారిని ఆయనే పడగొట్టగా, పతాకం అందుకున్న ఒక రౌతు అది తన ఘనతేనని చెప్పుకున్నాడు. డాయ్‌లీ మందలించబోతే, తనకు దక్కిన గౌరవం చాలునని, దీన్ని అతనికే వదిలేయమని ఫెయిర్‌ఫాక్స్ అన్నాడని చెబుతారు. ఇలాంటి అధికారి కింద పనిచేసిన అదృష్టం నాకు ఒక్కసారే కలిగింది.

మైలురాయి

నేను తొమ్మిదేళ్లుగా యార్క్‌షైర్‌లో ఉంటున్నాను. కిందటి వేసవిలో మా అబ్బాయిని తీసుకుని మార్స్‌టన్ మూర్ చూసి వచ్చాను. లాంగ్ మార్స్‌టన్, టాక్‌విత్ ఊళ్ల మధ్య సన్నని రోడ్డు. ఒక పక్క 1939లో నిలిపిన రాతి స్తంభం, చుట్టూ పంటచేలు. 1644 జూలై 2 సాయంత్రం ఇరుపక్షాలూ కలిపి 40,000 మందికి పైగా ఇక్కడ నిలబడ్డారని చెబితే మావాడు నమ్మలేదు.

ఆ స్తంభం దగ్గర నిలబడితేనే నాకు ఫెయిర్‌ఫాక్స్ చేసిన పని ఎంత కఠినమో అర్థమైంది. ఆయన కుడివైపు అశ్వదళాన్ని నడిపించాడు. ఆ పక్కన కంపలు, గుంటలు, ఇరుకుదారి. ఆయన వెంట ఉన్న కొద్దిమంది ఎదుటి వరుసను చీల్చుకుని పోయారు కానీ, మిగిలిన దళమంతా గోరింగ్ దాడికి చెల్లాచెదురైంది. వెనక్కి తిరిగి చూస్తే చుట్టూ శత్రువులే. ఆ రోజు పార్లమెంటు పక్షంవాళ్లు టోపీలకు గుర్తుగా తెల్ల గుడ్డముక్క గానీ కాగితం గానీ పెట్టుకున్నారు. ఆయన ఆ గుర్తును పీకి పారేసి, చెంప మీద కత్తిగాటుతో, రాజు సైన్యం మధ్యగానే వాళ్లలో ఒకడిలా గుర్రాన్ని నడిపించుకుంటూ ఎడమవైపున్న క్రామ్‌వెల్ దగ్గరికి చేరాడు. ఆ రాత్రి యుద్ధం గెలిచారు, కానీ ఆయన తమ్ముడు చార్లెస్ గాయాలతో కొద్దిరోజులకే చనిపోయాడు.

ఆడ్వాల్టన్ ఓటమి తరవాతి ఘట్టం కూడా చెప్పాలి. బ్రాడ్‌ఫర్డ్ నుంచి తప్పించుకునేటప్పుడు ఆన్ శత్రువులకు చిక్కింది. న్యూకాజిల్ ప్రభువు ఆమెను మర్యాదగా తన సొంత బండిలో తిప్పి పంపాడు. ఐదేళ్ల కూతురు మేరీని దాది గుర్రం మీద పట్టుకుని వెంట వచ్చింది. సెల్బీ దగ్గర ఆయన మణికట్టుకు తుపాకి గుండు తగిలి కళ్లెం చేజారింది. పిల్ల అలసటతో సొమ్మసిల్లితే, ఇక బతకదేమోనని భయపడి దారిలో ఒక ఇంట్లో వదిలి వెళ్లవలసి వచ్చింది. మర్నాటికి పిల్ల కోలుకుంది. ఇవన్నీ ఆయన తన జ్ఞాపకాలలో స్వయంగా రాసుకున్నాడు. ఆ రాతలో గొప్పలు కనబడవు, కూతురి గురించిన ఆ నాలుగు వాక్యాలు మాత్రం నేను ఎన్నిసార్లు చదివానో.

వేగుచుక్క

పెద్దలందరి వ్యాసంగం శ్రద్ధగా చదివాను. కానీ నేజ్‌బీ గురించి రాసేటప్పుడు శిరస్త్రాణం ముచ్చట చెప్పి, యుద్ధం ముగిశాక రాజు శిబిరంలోని ఆడవాళ్లకు ఏం జరిగిందో చెప్పకపోతే ఎలా? సైనికుల భార్యలు, వంటలు చేసేవాళ్లు, శిబిరం వెంట నడిచేవాళ్లు కనీసం 100 మందిని పార్లమెంటు సైనికులు నరికి చంపారు, మరెందరి ముఖాలనో కత్తులతో చీరారు. వాళ్లు మాట్లాడిన భాష వెల్ష్ అయి ఉండవచ్చనీ, ఐరిష్ అని పొరబడి చంపారనీ అంటారు. ఐరిష్ వాళ్లయితే చంపవచ్చుననే ఆలోచన ఆ సైన్యంలో పాతుకుని ఉందన్నమాట. ఆ పనికి ఎవరినీ శిక్షించిన దాఖలా లేదు.

రెండో విషయం కాల్చెస్టర్. 1648లో రెండో అంతర్యుద్ధం రాగానే ఫెయిర్‌ఫాక్స్ జూన్ 1న మెయిడ్‌స్టన్‌లో గెలిచి, ఎసెక్స్ జిల్లాలోని కాల్చెస్టర్‌ను చుట్టుముట్టాడు. జూన్ 13 నుంచి ఆగస్టు 28 వరకు 11 వారాలు ముట్టడి సాగింది. అది అసలు పార్లమెంటు వైపు మొగ్గిన ఊరు. రాజపక్ష సైన్యం వచ్చి లోపల దూరింది, అంతే. గుర్రాలను, తరవాత కుక్కలను, పిల్లులను తిన్నారు. ఆకలికి తట్టుకోలేక ఆడవాళ్లు, పిల్లలు కోటగోడ దాటి బయటికి వస్తే ముట్టడిదారులు వాళ్లను దాటనివ్వలేదు. ఊరు లొంగిపోయాక 14,000 పౌండ్ల జరిమానా విధించారు. ఆకలితో చచ్చినది ఊరివాళ్లే, జరిమానా కట్టవలసినదీ ఊరివాళ్లే. లొంగిపోయిన రోజు సాయంత్రమే సర్ చార్లెస్ లూకస్, సర్ జార్జ్ లైల్‌లను కోటగోడ పక్కన నిలబెట్టి కాల్చి చంపారు. కాబట్టి మౌనం అనే మాటను 1649 దగ్గర మొదలుపెట్టకండి. ఇక్కడ ఆయన మౌనంగా లేడు, ఆజ్ఞ ఆయనదే.

కోటబురుజు

వేగుచుక్క గారూ, నేజ్‌బీ ఆడవాళ్ల విషయంలో మీరు చెప్పినదానికి నా దగ్గర సమాధానం లేదు. నేను దాన్ని ప్రస్తావించకపోవడం తప్పే, ఒప్పుకుంటున్నాను.

కాల్చెస్టర్ మీద మాత్రం ఒక వివరం చేర్చాలి. లొంగుబాటు ఒప్పందంలో సామాన్య సైనికులకు ప్రాణాలకు హామీ ఇచ్చారు. అధికారులు మాత్రం దయకు వదిలి లొంగిపోయారు. ఆనాటి యుద్ధనీతిలో ఈ రెండూ వేరువేరు. దయకు లొంగినవాడి ప్రాణం సేనాని ఇష్టం. పైగా లూకస్ 1646లో స్టో దగ్గర పట్టుబడి, ఇకమీదట పార్లమెంటు మీద ఆయుధం పట్టనని మాట ఇచ్చి విడుదలైనవాడు. మాట తప్పాడన్నదే ఫెయిర్‌ఫాక్స్ వాదన. అది న్యాయశాస్త్రం ప్రకారం నిలుస్తుంది. నిలిచినంత మాత్రాన నాకు నచ్చిందని కాదు. మూడేళ్ల కిందట ఇదే మనిషి బ్రిస్టల్‌లో రూపర్ట్ రాకుమారుణ్ణి గౌరవంగా సాగనంపాడు, 1646లో ఆక్స్‌ఫర్డ్ లొంగినప్పుడు ఎవరూ దోచుకోకుండా బోడ్లియన్ గ్రంథాలయానికి ముందుగా కాపలా పెట్టించాడు. మొదటి యుద్ధానికీ రెండో యుద్ధానికీ మధ్య ఆ సైన్యపు మనసు గట్టిపడింది. ఒకసారి దేవుడే తీర్పు చెప్పాక రాజు మళ్లీ నెత్తురు పారించాడన్న కోపం అది.

తాళపత్రం

చిన్న సందేహం. రాజు మరణశిక్ష 1649 జనవరి 30 అని అందరూ అంటారు. కానీ ఆనాటి మరణశాసనంలో సంవత్సరం 1648 అని ఉన్నట్టు చదివాను. ఏది సరైనది?

పాతపుటలు

తాళపత్రం గారూ, రెండూ సరైనవే. అప్పటి ఇంగ్లండులో సంవత్సరాది మార్చి 25. మన ఉగాది రోజుల్లోనే వాళ్లకూ కొత్త సంవత్సరం వచ్చేది. కాబట్టి జనవరిలో రాసిన పత్రాల మీద పాత సంవత్సరమే ఉంటుంది.

ఇప్పుడు ఆ జనవరి దగ్గరికే వస్తాను. అంతకుముందు 1647లో ఏం జరిగిందో తెలియకపోతే ఇది బోధపడదు. యుద్ధం గెలిచాక పార్లమెంటు సైన్యాన్ని రద్దు చేయబోయింది; అప్పటికి పదాతులకు 18 వారాలు, రౌతులకు 43 వారాల జీతం బాకీ. బకాయిలు అడిగితే శత్రువులని ముద్ర వేశారు. సైనికులు తమ ప్రతినిధులను ఎన్నుకున్నారు. జూన్‌లో కోర్నెట్ జాయిస్ అనే చిన్న అధికారి 500 మంది రౌతులతో వెళ్లి హోంబీ భవనం నుంచి రాజునే తీసుకువచ్చాడు. ఫెయిర్‌ఫాక్స్‌కు ఈ పని ముందుగా తెలియదు. తెలిశాక జాయిస్‌ను సైనిక విచారణకు నిలబెట్టాలనుకున్నాడు, జరిపించలేకపోయాడు. ఆ శరదృతువులో పట్నీలో దేశపు భవిష్యత్తు మీద చరిత్రాత్మకమైన వాదోపవాదాలు జరుగుతుంటే ఆయన జబ్బుతో ఉన్నాడు, అధ్యక్షస్థానంలో క్రామ్‌వెల్ కూర్చున్నాడు. అప్పటినుంచి సేన ఆయన పేరుతో నడిచింది, ఆయన మాటతో కాదు.

1648 డిసెంబరు 6న కర్నల్ ప్రైడ్ సైనికులతో కామన్స్ సభ వాకిట నిలబడి సైన్యానికి ఇష్టంలేని సభ్యులను అడ్డగించాడు. తనకు తెలియకుండా జరిగిందని ఫెయిర్‌ఫాక్స్ తరవాత చెప్పుకున్నాడు. రాజును విచారించడానికి నియమించిన 135 మందిలో ఆయన పేరు ముందు వరసలోనే ఉంది. 1649 జనవరి 8న జరిగిన తొలి సన్నాహక సమావేశానికి వెళ్లాడు, మళ్లీ అటు తొంగిచూడలేదు. విచారణ మొదలైన జనవరి 20న వెస్ట్‌మినిస్టర్ హాలులో న్యాయమూర్తుల పేర్లు పిలుస్తూ ఫెయిర్‌ఫాక్స్ పేరు చదివినప్పుడు పలికే మనిషి లేడు. పైన ప్రేక్షకుల గదిలోంచి ముసుగు వేసుకున్న ఒక స్త్రీ, ఆయనకు ఇక్కడికి రానంత తెలివి ఉందని అందరికీ వినబడేలా అంది. ఇంగ్లండు ప్రజలందరి పేరిట నేరారోపణ అన్నప్పుడు, అందులో సగంమంది కూడా మీ వెంట లేరనీ, క్రామ్‌వెల్ ద్రోహి అనీ మళ్లీ అరిచింది. కాపలా అధికారి డేనియల్ ఆక్స్‌టెల్ ఆ గదివైపు తుపాకులు గురిపెట్టమన్నాడు. ఆమె ఆన్ ఫెయిర్‌ఫాక్స్. సేనాధిపతి సైనికులే సేనాధిపతి భార్య మీద గురిపెట్టారు. మరణశాసనం మీద 59 మంది సంతకాలు చేశారు. ఆయన సంతకం అందులో లేదు.

వేగుచుక్క

భార్యకున్న గొంతు భర్తకు లేకపోయింది. నా అభిప్రాయం అంతే. ఆయన కత్తి దూయనక్కర్లేదు, జనవరి 8న బయటికి వచ్చి రాజీనామా చేసినా చాలు. అలా చేయక, రాజు తల పడ్డాక కూడా దాదాపు ఏడాదిన్నర అదే పదవిలో ఉన్నాడు.

ఆ ఏడాదిన్నరలోనూ ఆయన చేసిన పనులు ఉన్నాయి. ఏప్రిల్‌లో విన్‌స్టన్లీ, ఎవరార్డ్ అనే ఇద్దరు ‘డిగ్గర్లు’ వచ్చి, బంజరు భూమి పేదలు దున్నుకుంటే తప్పేమిటని, తలమీది టోపీలు తీయకుండా ఆయన ఎదుట నిలబడి మాట్లాడారు. ఆయన ఓపికగా విన్నాడు, మే నెలలో సెయింట్ జార్జ్ కొండకు స్వయంగా వెళ్లి చూశాడు. అది ఆయన మంచితనమే, కాదనను. అదే మే నెలలో జీతాల కోసం, ఎన్నికల హక్కు కోసం తిరగబడిన లెవెలర్ సైనికులను ఆయనా క్రామ్‌వెల్ కలిసి బర్‌ఫర్డ్‌లో అర్ధరాత్రి చుట్టుముట్టారు.

మైలురాయి

బర్‌ఫర్డ్ చర్చి నేను చూశాను. దాదాపు 340 మందిని ఆ చర్చిలో మూడు రాత్రులు బంధించారు. లోపల జ్ఞానస్నానపు తొట్టి ఒకటి ఉంది. దాని సీసపు రేకు అంచు మీద బందీలలో ఒకడు ఆంథొనీ సెడ్లీ అని తన పేరు, 1649 అనే సంవత్సరం, ఖైదీ అనే మాట చెక్కాడు. ఖైదీ అన్న ఇంగ్లీషు మాటలో ఒక అక్షరం తప్పిపోయింది. గీతలు లోతుగా, వంకరగా ఉన్నాయి. ఏ బాకు మొనతోనో, ఎంత సేపు చెక్కాడో. మే 17 ఉదయం ముగ్గురిని చర్చి గోడ దగ్గర నిలబెట్టి కాల్చారు, మిగిలినవాళ్లను పైకప్పు మీదినుంచి చూడమన్నారు. సెడ్లీ ఆ ముగ్గురిలో లేడు.

కోటబురుజు

రాజీనామా విషయానికి వస్తాను. 1650 జూన్‌లో ప్రభుత్వం స్కాట్లాండు మీద ముందుగానే దండెత్తాలని నిశ్చయించింది. 1643లో స్కాట్లతో కలిసి ప్రమాణం చేసిన ఒడంబడిక ఉండగా, వాళ్లు మన మీదికి రాకముందే మనం వాళ్ల దేశంలోకి వెళ్లడం న్యాయం కాదని ఫెయిర్‌ఫాక్స్ అన్నాడు. క్రామ్‌వెల్ సహా అందరూ ఆయనను ఒప్పించడానికి ప్రయత్నించారు. ఆయన ఒప్పుకోలేదు, సేనాధిపత్యం వదిలేశాడు. జూన్ 26న అది క్రామ్‌వెల్‌కు దక్కింది. చెప్పవలసిన ‘కాదు’ను ఆయన ఒక్కసారైనా చెప్పాడు. ఆలస్యంగానైనా, దేశంలోకెల్లా పెద్ద పదవిని వదులుకుని చెప్పాడు. దానికి నేను విలువ ఇస్తాను.

పాతపుటలు

ఆ తరవాత ఆయన యార్క్ దగ్గరి నన్ ఆపిల్టన్‌లో తోటలు పెంచుకుంటూ, గుర్రాలను సాకుతూ గడిపాడు. కూతురు మేరీకి భాషలు నేర్పడానికి ఆండ్రూ మార్వెల్ అనే యువకవిని పెట్టుకున్నాడు. 1657లో ఆ మేరీకి రాజపక్షంవాడైన బకింగ్‌హాం డ్యూక్‌తో పెళ్లి చేశాడు. క్రామ్‌వెల్‌కు అది కంటగింపు అయింది. ఒకనాడు నాంట్‌విచ్‌లో బందీగా చిక్కిన ఆ మంకే 1660 జనవరిలో సేనతో స్కాట్లాండు నుంచి దక్షిణానికి దిగుతుంటే, మోకాళ్ల వాతంతో బాధపడుతూనే ఫెయిర్‌ఫాక్స్ గుర్రమెక్కి యార్క్‌ను అతనికి అనుకూలంగా నిలబెట్టాడు. ఆయన పేరు వినగానే, మంక్‌ను అడ్డగించడానికి వచ్చిన లాంబర్ట్ సేనలోని దళాలు ఆయన వైపు వచ్చేశాయి. మేలో, చంపిన రాజు కొడుకైన రెండో చార్లెస్‌ను పిలుచుకు రావడానికి హేగ్ వెళ్లిన ప్రతినిధులలో ఆయన ఒకడు.

ఆయన జ్ఞాపకాలలో నన్ను పట్టి నిలిపే మాట ఒకటుంది. 1647లో ట్రిప్లో మైదానంలో సైన్యం తన అధికారాన్ని చాటుకున్ననాటి నుంచి వాళ్లు చేసిన దేనికీ తాను మనస్ఫూర్తిగా ఒప్పుకోలేదనీ, తన అనుమతి లేకుండానే కాగితాల మీద తన పేరు వేశారనీ రాశాడు. నేను దీన్ని అబద్ధం అనుకోను. అయితే ఆ పేరు కిందనే కాల్చెస్టర్ ఆకలి, బర్‌ఫర్డ్ కాల్పులు జరిగాయి. వాటికి ఆయన పేరు ఎవరూ దొంగిలించలేదు.

వేగుచుక్క

ఈ చివరి మాటతో నేను ఏకీభవిస్తున్నాను. కోటబురుజు గారు చెప్పిన 1650 రాజీనామాను కూడా ఇకనుంచి లెక్కలోకి తీసుకుంటాను. ఒక్క వివరం చేర్చి ముగిస్తాను. 1660లో రాజహంతకుల విచారణలు జరిగినప్పుడు, ఆక్స్‌టెల్ మీద చెప్పిన సాక్ష్యాలలో ఆ ముసుగు స్త్రీ మీద తుపాకులు గురిపెట్టించిన సంగతి కూడా వచ్చింది. ఆక్స్‌టెల్‌ను అక్టోబరు 19న టైబర్న్‌లో ఉరితీశారు. తాను ఆజ్ఞలు పాటించిన సైనికుణ్ణి మాత్రమేనని అతను వాదించాడు. ఆ ఆజ్ఞలు పైనుంచి దిగివచ్చే వరుసలో అందరికంటే పైనున్న పేరు ఫెయిర్‌ఫాక్స్‌ది. ఆయన అప్పటికి క్షమాపణ పొంది నన్ ఆపిల్టన్‌లో ఉన్నాడు.